కుర్చీ మీద ఎర్రటోపీ

వింటన్,
21 డిసెంబర్ 1974

మామయ్యా,

ముందు మంచి వార్త. గొర్రెలన్నీ క్షేమం. చెడ్డ వార్త ఏమిటంటే, గొర్రెలన్నీ తడిసి ముద్దయి ఉన్నాయి.

వారం దాటింది, వాన వదలలేదు. తడి ఉన్ని ఎవరూ కత్తిరించరు కాబట్టి కత్తిరించేవాళ్ళు షెడ్డులో పేకాడుకుంటూ నా చేతి స్కోన్ రొట్టెలు పళ్ళేలకి పళ్ళేలు ఖాళీ చేస్తున్నారు. ఆకాశం వైపు చూసి చూసి మీ అబ్బాయికి మెడ పట్టేసింది. క్రిస్మస్ పండగ వెళ్ళాక గానీ కత్తిరింపు మొదలవ్వదు, క్లైడ్ కదలడానికి లేదు.

ఏటా ఈ వేసవి సెలవులకి వెళ్ళే సముద్రపొడ్డు క్యాంపు సంగతి మీకు నేను చెప్పక్కరలేదు. పండగ మర్నాడు మధ్యాహ్నానికి చక్రాల కొంపలాంటి మన కారవాన్ వచ్చి నిలబడకపోతే స్థలం వెనక వరసలో కాచుక్కూర్చున్నవాళ్ళకి పోతుంది. మీరూ, పోయిన మా అత్తయ్యా పెళ్ళయిన కొత్తలో గుడారం వేసుకున్న చోటది. దాన్ని వాన పాలు చేయడం నాకు ఇష్టం లేదు. అందుకని హోల్డెన్ కారుకి కారవాన్ తగిలించుకుని, పిల్లలిద్దర్నీ వేసుకుని, నేనే గానెట్ బేకి బయల్దేరుతున్నాను.

"మా నాన్నకి మాత్రం చెప్పకు, ఆపరేషన్ కుట్లు తెగుతాయి" అన్నాడు క్లైడ్. అందుకే చెబుతున్నాను. రేపు వేరే ఎవరి నోటో వింటే కుట్లతో పాటు ఇంకా ఏవేవో తెగుతాయి.

పశువుల దొడ్డిలో వెనక్కి నడపడం సాధన చేస్తున్నాను. గొర్రెలు వరసగా నిలబడి చూస్తున్నాయి. వాటి మొహాల్లో నాకైతే గౌరవం కనిపించలేదు.

కొత్త సంవత్సరం వచ్చాక మీరు కారులో కూర్చోవచ్చని డాక్టరు అన్నాడట కదా. కత్తిరింపు అవ్వగానే క్లైడ్ ఇన్వర్‌కార్గిల్ వచ్చి, మీ అక్క నెట్టా అత్తయ్య ఇంటి నుంచి మిమ్మల్ని నెమ్మదిగా తీసుకొస్తాడు. మీరు లేకుండా అది క్యాంపు కాదు. మీ ఆకుపచ్చ కుర్చీని మన చిన్నది కిర్‌స్టీ అందరికంటే ముందు కారవాన్‌లోకి ఎక్కించింది. తన దుప్పటి మాత్రం మర్చిపోయింది.

భయపడకండి. భయమంతా నేను పడుతున్నాను.

మీ కోడలు
రోనా


ఇన్వర్‌కార్గిల్,
23 డిసెంబర్

గానెట్ బే క్యాంపు దుకాణం ద్వారా రోనాకి,

నీ ఉత్తరం చదివి నేను లేచి నిలబడ్డాను. తుంటి ఆపరేషన్ తర్వాత ఊతకర్రలు లేకుండా నిలబడటం అదే మొదటిసారి. నెట్టా సంతోషించింది. నేను సంతోషించలేదు.

సరే, ఆపితే ఆగే మనిషివి కాదు. పదేళ్ళ నాడు మా ఇంటికొచ్చినప్పుడే తెలిసింది. కనీసం చెప్పేది విను. వెనక్కి నడిపేటప్పుడు చక్రం కుడికి తిప్పితే కారవాన్ ఎడమకి పోతుంది. నీ బుద్ధి చెప్పినదానికి సరిగ్గా ఎదురు చెయ్యి. అన్నం తిన్నంతసేపు తీరిగ్గా చెయ్యి. క్యాంపంతా కుర్చీలూ టీ కప్పులూ పట్టుకుని చూడటానికి వచ్చేస్తారు, అది వాళ్ళకి సినిమా. వాళ్ళ మొహాలు చూశావా, అయిపోయావే.

ఎవరి సలహా వినకు. ముఖ్యంగా కుళాయి పక్కవాడిది. పేరు రాస్తే సిరా దండగ.

కారవాన్ తలుపు పొదల వైపు ఉండాలి. పదకొండేళ్ళుగా అలాగే ఉంది. ఎందుకని అడక్కు. పొదలు చూడటానికి బాగుంటాయి.

ఇక్కడ నా బతుకు సంగతి. నెట్టా టీలో చక్కెర వేయదు, మటన్‌లో ఉప్పు వేయదు, మాటల్లో మాత్రం రెండూ దట్టిస్తుంది. కుర్చీలో కూర్చోవాలన్నా ఒక పెద్ద తతంగం. నర్సు నేర్పింది: కుర్చీకి వీపు పెట్టి, ఊతకర్రలతో వెనక్కి వెనక్కి నడుచుకుంటూ రావాలి. పిక్కలకి కుర్చీ తగిలాకే కూర్చోవాలి, ముందే కూలబడితే తుంటి జారుతుంది. నెట్టా వెనక నిలబడి "ఇంకా... ఇంకా..." అంటుంది. నిన్న ఆవిడ కునుకు తీసింది, నేను పుస్తకాల బీరువా దాకా వెళ్ళాను.

క్లైడ్ కోసం గుమ్మం వైపు చూస్తూ ఉంటాను. చేరగానే రాయి.

ఫెర్గస్ డ్రమ్మండ్
(నీ మామగారే. పేరంతా రాసింది కోపంలో.)


గానెట్ బే,
27 డిసెంబర్

మామయ్యా,

చేరాం! కారవాన్‌కి ఒక్క గీత కూడా పడలేదు. నాకే రెండు మూడు పడ్డాయి, అవి పైకి కనిపించవు.

దారంతా కంకర రోడ్డు. కొండ ఎక్కుతుంటే ఎదురుగా ఎవరిదో గొర్రెల మంద. దిగి తోలాను. హేజెల్ మ్యాపు పట్టుకుని, తొమ్మిదేళ్ళకే నాన్నలాగా "అమ్మా, నువ్వు అనవసరంగా కంగారు పడుతున్నావ్" అంటూ కూర్చుంది. కిర్‌స్టీ రెండుసార్లు వాంతి చేసుకుంది, రెండుసార్లూ మర్యాదగా కారు బయటే.

క్యాంపుకి చేరేసరికి మధ్యాహ్నానికి ఇంకా కాస్త వ్యవధి ఉంది. స్థలం దక్కింది. ఆ తర్వాతది మాత్రం రాయాలంటే సిగ్గుగా ఉంది. కుర్చీలు వచ్చేశాయి. టీ కప్పులూ వచ్చేశాయి. ఒకావిడ అల్లిక కూడా తెచ్చుకుంది. కుడికి తిప్పితే ఎడమకి, ఎడమకి తిప్పితే ఇంకా ఎడమకి. చివరికి కారూ కారవానూ మూతులు కలుపుకుని నిలబడ్డాయి. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు ఒక పెద్దమనిషి వచ్చి కిటికీ తట్టాడు.

"అమ్మాయ్, కొక్కెం విప్పెయ్. కుర్చీలేసుకుని కూర్చున్న ఈ బద్ధకస్తులున్నారే, వీళ్ళ చేత తోయిద్దాం" అన్నాడు.

అంతే, చూస్తున్నవాళ్ళందర్నీ లేపాడు. కప్పులు కింద పెట్టి, హైలెస్సా అంటూ కారవాన్‌ని చేత్తోనే తోసి స్థలంలో పెట్టేశారు. కాకపోతే మూతి ముందుగా వెళ్ళింది. అంటే తలుపు పొదల వైపు కాకుండా ఇటు వైపు వచ్చింది. మీరు ఏమీ అనుకోరని అనుకుంటున్నాను, ఇటు నుంచి సముద్రం కూడా కనిపిస్తుంది.

నిన్న రాత్రి గాలికి మన గుడ్డపందిరి గుంజ విరిగింది. పక్కవాళ్ళు తమ పందిరికి కలిపి కట్టేశారు. ఇప్పుడు రెండు ఇళ్ళవాళ్ళం ఒకే నీడలో పావా నత్తగుల్లల వడలు తింటున్నాం. మీ ఉత్తరం ఏదైనా వచ్చి ఉంటే దుకాణం తెరిచాక తీసుకుంటాను, పండగకి మూసేశారు.

కిర్‌స్టీ మీకోసం బొమ్మ గీసింది. ఇందులో పెడుతున్నాను. నీలంగా ఉన్నది సముద్రం. పెట్టెలా ఉన్నది కారవాన్, నేను కాదు.

ఎండలో వేగిపోతూ, మీ
రోనా


ఇన్వర్‌కార్గిల్,
30 డిసెంబర్

రోనాకి,

బొమ్మ అందింది. చాలా బాగా గీసింది. అన్నీ తెలిశాయి.

"ఒక పెద్దమనిషి" అని రాశావు. "పక్కవాళ్ళు" అని రాశావు. నీ కూతురికి నీ తెలివి ఇంకా రాలేదు. నా ఆకుపచ్చ కుర్చీ గీసింది, దాని మీద ఎర్రటోపీ గీసింది. ఆ టోపీ నాకు తెలియదా? మావిస్ హాస్కెట్ తన మొగుడికి పాత కర్టెన్‌తో కుట్టిన టోపీ అది, మైలు దూరానికి కనిపిస్తుంది. లెన్ హాస్కెట్! ఆ కుళాయి పక్కవాడు! పిల్ల కాళ్ళూ చేతులూ గీయటం మర్చిపోయినంత మాత్రాన మనిషిని గుర్తుపట్టలేననుకున్నావా?

మా మధ్య గొడవ చేప గురించని క్యాంపులో అందరూ అనుకుంటారు. చేప కాదు, కుళాయి. పదకొండేళ్ళ క్రితం నేను కారవాన్ వెనక్కి తెస్తుంటే వాడు వెనక నిలబడి చెయ్యి ఊపాడు. "రా, రా, ఇంకా రా" అన్నాడు. వచ్చాను. ఇంకా రా అన్నాడు. ఇంకా వచ్చాను. కుళాయి విరిగి నీళ్ళు చెట్టంత ఎత్తు లేచాయి. మీ అత్తయ్య చేసిన కేకు నీళ్ళలో పడవలా పోయింది. "ఆగమని అరిచాను, నీకు చెవుడు" అన్నాడు వాడు, అందరి ముందూ. వాడు ఆగమనలేదు. నా చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయి, కావాలంటే నెట్టాని అడుగు, ఆవిడ గొణిగేవన్నీ వినిపిస్తున్నాయి.

ఆ రోజు నుంచి నా తలుపు పొదల వైపు. వాడి మొహం చూడక్కర్లేకుండా హాయిగా టీ తాగాను.

ఇప్పుడు నువ్వు తలుపు వాడి వైపు తిప్పావు, పందిరి వాడి పందిరికి కట్టావు, నా కుర్చీలో వాడిని కూర్చోబెట్టావు. కోపంగా ఉందని రాస్తే అబద్ధం. బాధగా ఉంది. నేను లేకపోయినా అక్కడ అన్నీ జరిగిపోతున్నాయి. కారవాన్ చేరింది, స్థలం నిలబడింది, కుర్చీ కూడా ఖాళీగా లేదు. ఇంక నేను ఊతకర్రలతో వచ్చి ఎక్కడ కూర్చోవాలి?

తలుపు తిప్పితే వస్తాను. లేకపోతే క్లైడ్‌ని అంత దూరం తిప్పకు. నెట్టా ఇంట్లో కిటికీ ఉంది, కిటికీలోంచి ఎదురింటి కిటికీ కనిపిస్తుంది. సరిపోతుంది.

పిల్లలకి ముద్దులు. కిర్‌స్టీ మీద నాకేం కోపం లేదు, నిజం గీసింది.

ఫెర్గస్ డ్రమ్మండ్


గానెట్ బే,
6 జనవరి 1975

మామయ్యా,

నిన్న క్లైడ్ ఒక్కడే వచ్చాడు. కారులోంచి దిగుతూనే మొహం వేలాడేసి, "కుర్చీలోంచి లేవనన్నాడు. తలుపు తిరిగిందా అని అడిగాడు, లేదన్నాను. అయితే చెవి సరిగా వినపడటం లేదు, మళ్ళీ చెప్పు అన్నాడు" అని చెప్పాడు. మీ చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయన్నారు కదా?

దాచినందుకు నన్ను తిట్టండి, పడతాను. లెన్ గారి పేరు రాస్తే మీరు రారని భయపడ్డాను. రాయకపోయినా రాలేదు. అంత తెలివిగలదాన్ని నేను.

కానీ మామయ్యా, ఆ బొమ్మ మళ్ళీ తీయండి. కళ్ళద్దాలు పెట్టుకుని చూడండి. కిర్‌స్టీకి అయిదేళ్ళు, కానీ కాళ్ళూ చేతులూ ఎప్పుడూ మర్చిపోదు. దాని బొమ్మల్లో కుక్కకి కూడా చేతులుంటాయి. కుర్చీలో మనిషి లేడు కాబట్టే గీయలేదు. ఉన్నది టోపీ ఒక్కటే.

జరిగింది ఇది. కారవాన్లు వెనక్కి వచ్చినప్పుడల్లా జనం చూడటానికి మన స్థలం ముందుకే వస్తారు, అక్కణ్ణుంచి బాగా కనిపిస్తుంది. ఖాళీ కుర్చీ కనిపిస్తే కూర్చుంటారు. మొదటి రోజే డనీడిన్ నుంచి వచ్చిన ఒక లావుపాటాయన మీ కుర్చీలో కూలబడ్డాడు. లెన్ గారు వచ్చి ఆయన్ని లేపి, తన నెత్తి మీది టోపీ తీసి కుర్చీలో పెట్టారు. ఇక్కడ టోపీ పెట్టిన కుర్చీని ఎవరూ ముట్టుకోరని మీకు తెలుసు. "దీని మనిషి వస్తున్నాడు" అన్నారు అందరికీ వినపడేలా.

నేను అడిగాను. "మీ టోపీ ఎందుకండీ, ఎవరిదైనా పాతది పెట్టచ్చు కదా?"

"ఫెర్గస్ టోపీ ఇక్కడ లేదు కదమ్మా. ఊరూ పేరూ లేని టోపీ పెడితే ఎవడు లెక్కచేస్తాడు? ఇది నాదని అందరికీ తెలుసు" అన్నారు.

ఆ రోజు నుంచీ అది అక్కడే ఉంది. ఆయన బోడితలతోనే ఎండలో తిరుగుతున్నారు. వాన తర్వాత ఈ ఎండ ఎలా కాస్తోందో మీకు తెలుసు. మావిస్ గారు ఇంకో టోపీ కుడతానంటే, "వాడొచ్చాక నాది నాకొస్తుంది, గుడ్డ దండగెందుకు" అని కసురుకున్నారు. మీరు సిరా దండగన్నారు, ఆయన గుడ్డ దండగన్నారు. ఇద్దరూ పొదుపే.

ఈ ఎండకి మన గడ్డి కోతకి వచ్చేసింది. రేపు పొద్దున్నే మేం నలుగురం ఇంటికి వెళ్తున్నాం, కోత కూలీలకి వండిపెట్టాలి. కారవాన్ ఇక్కడే, తలుపు అటే, పందిరి అలాగే. వచ్చే ఆదివారానికి తిరిగొస్తాం. అప్పటిదాకా మీ కుర్చీకి టోపీయే కాపలా.

తలుపు తిప్పమన్నారు. తిప్పను మామయ్యా. మీరొచ్చి చూసి, అప్పటికీ వద్దంటే, నేనే క్యాంపంతా లేపి తోయిస్తాను. మాట.

ఈ ఉత్తరాన్ని పోస్టులో వేయటం లేదు. తెచ్చినవాడు గుమ్మంలో నిలబడి ఉంటాడు. ముందు ఆయన నెత్తి చూడండి, తర్వాత కోప్పడండి.

మీ రాక కోసం,
రోనా


గానెట్ బే,
9 జనవరి

రోనా అమ్మాయికి,

ఊరి పేరు చూశావుగా.

మొన్న పొద్దున నెట్టా తలుపు తీసి, "ఫెర్గస్, ఎవరో చీపుర్లు అమ్మేవాడు వచ్చాడు, పాపం తల కాలిపోయింది" అంది. చూస్తే లెన్. రోనా, ఆ తల ఉడికించిన బంగాళదుంపలా ఉంది, తొక్క లేస్తోంది. చెవులు కూడా. నీ ఉత్తరం అందించి గుమ్మంలోనే నిలబడ్డాడు. చదివాను. రెండోసారి చదువుతున్నట్టు నటించాను, ఎందుకంటే తల ఎత్తడానికి లేకుండా ఉంది.

చివరికి వాడే అన్నాడు. "ఒరేయ్ ఫెర్గస్, ఆ డనీడిన్ లావుపాటాయన నీ కుర్చీ మీద కన్నేశాడు. ఒక్క టోపీ ఎన్నాళ్ళని కాపలా కాస్తుంది?"

పదకొండేళ్ళ తర్వాత వాడి మొదటి మాట అది. నా మొదటి మాట, "నువ్వు ఆగమనలేదు."

"అన్నాను."

"అనలేదు."

"అరిచి మరీ చెప్పాను!"

"మీ ఇద్దరూ కారులో కూర్చుని అనుకోండి" అని నెట్టా నా పెట్టె తెచ్చి గుమ్మం బయట పెట్టేసింది. ఆవిడకి ఇంత బలం ఉందని నాకు తెలియదు.

కంకర రోడ్డు దాకా "అన్నాను, అనలేదు" అనుకుంటూనే వచ్చాం. గుంతలొచ్చిన చోటల్లా వాడు నత్తలా నడిపాడు. కొండ ఎక్కాక సముద్రం కనబడింది. తగువు కాసేపు పక్కన పెట్టాం. ఈ ఏడాది దాన్ని చూడననే అనుకున్నాను. ఏడ్చానని ఎవరితోనూ అనకు, క్లైడ్‌తో అసలే అనకు.

ఇంక అసలు సంగతి. కారు ఆగింది. నేను ఊతకర్రలతో దిగాను. కుర్చీ అల్లంత దూరంలో, దాని మీద ఎర్రటోపీ. నర్సు చెప్పినట్టు కుర్చీకి వీపు తిప్పి నిలబడ్డాను. తలెత్తి చూస్తే ఏముంది, క్యాంపంతా వచ్చేసింది! కుర్చీలు వేసుకున్నారు. టీ కప్పులు పట్టుకున్నారు. అల్లిక పట్టుకున్న ఆవిడ కూడా ఉంది. ఫెర్గస్ డ్రమ్మండ్ వెనక్కి వస్తుంటే చూడటానికి!

పారిపోదామంటే కాళ్ళు లేవు. లెన్ వెళ్ళి టోపీ తీసి చేత్తో పట్టుకుని కుర్చీ వెనక నిలబడ్డాడు.

"రా" అన్నాడు.

ఒక అడుగు వేశాను.

"రా, రా... కొంచెం ఎడమకి... ఇంకా రా."

వెనక్కి చూడటానికి మెడ తిరగలేదు. ఎక్కడున్నానో నాకు తెలియదు. ఎవరూ టీ కూడా తాగటం లేదు. "ఇంకా" అన్నాడు. ఇంకా వచ్చాను.

"ఆగు!"

అమ్మాయ్, ఆ అరుపు మీ వింటన్ దాకా వినపడి ఉండాలి. కొండ మీది గొర్రెలు కూడా ఆగిపోయాయంటుంది మావిస్. నేనూ ఆగాను. పిక్కలకి కుర్చీ తగిలింది. కూర్చున్నాను. జనం చప్పట్లు కొట్టారు, డనీడిన్ ఆయన ఈల వేశాడు.

టోపీని వాడి కాలిన తల మీద నేనే పెట్టాను. "అబ్బా, మెల్లిగా" అన్నాడు. ఆ తర్వాత "ఇప్పుడు వినపడిందా?" అన్నాడు. "ఇప్పుడు అన్నావు కాబట్టి వినపడింది" అన్నాను. ఆ తగువు అలాగే ఉంది, దాన్ని వచ్చే ఏడాదికి కూడా ఉంచుకుంటాం.

తలుపు ఉన్నచోటే ఉండనీ. పొదలు అంత బాగుండవని ఇప్పుడు తెలుస్తోంది. రాత్రి పందిరి కింద మావిస్ చీజ్ రోల్స్ చేసింది, టీలో చక్కెర వేసింది. మీ అత్తయ్య కేకు గురించి చెప్పుకుని నవ్వుకున్నాం.

గడ్డి పని తొందరగా ముగించుకుని రండి. వచ్చే ఏడాది కారవాన్ నువ్వే వెనక్కి తీసుకురా, తోయించడం కుదరదు. వెనక మేం ఇద్దరం నిలబడతాం.

కిర్‌స్టీకి ఒక పని చెప్పు. ఆ బొమ్మ మళ్ళీ గీయాలి. కుర్చీలో ఈసారి మనిషి ఉన్నాడు.

ప్రేమతో,
తాతయ్య